పాతకాలపు టర్బన్ జారకుండా కట్టుకోవడం ఎలా?

నుదుటి మీద రెండు మూడు ఉంగరాల ముంగురులను మాత్రమే వదిలి, మిగిలిన తలనంతా ఒద్దికగా కప్పే 1940ల నాటి మహిళల టర్బన్‌ను ఫోటోలో చూసినప్పుడు అది నిమిషం పనిలా అనిపిస్తుంది. కట్టుకుని చూసినవారు మాత్రం తరచూ అడిగే ప్రశ్న ఒకటే: అరగంట గడవకముందే అది వెనక్కి జారిపోతోంది, ఏం చేయాలి? ముడి ఇంకా గట్టిగా బిగించడమే దీనికి మార్గమని చాలామంది అనుకుంటారు. బిగించిన కొద్దీ తలనొప్పి వస్తుందే తప్ప కట్టు నిలవదు, ఎందుకంటే టర్బన్‌ను నిలిపేది నుదుటి మీది ముడి కాదు. పెడతల ఉబ్బుకు దిగువన, మెడ దగ్గర, గుడ్డ అంచుకు దొరికే పట్టు, లోపల జుట్టును అమర్చిన తీరు. ఈ రెండింటినీ సరిచేసుకుంటే ముడిని వదులుగా వేసినా కట్టు సాయంత్రం వరకు కదలదు. అందువల్ల ఈ వ్యాసంలో ముడి కంటే ముడికి ముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఏమేమి కావాలి

మొదటి పద్ధతికి 90 సెం.మీ. చదరపు గుడ్డ ఒకటి కావాలి. కోణం నుంచి కోణానికి మడిచినప్పుడు దాని పొడవాటి అంచు సుమారు 127 సెం.మీ. వస్తుంది. అంటే మెడ నుంచి ఒక్కొక్క వైపుకు 63 సెం.మీ. మిగులుతుంది, అందులో తల చుట్టూ రావడానికి 30 సెం.మీ. పోయినా, ముడికి, కొసలను దోపుకోవడానికి సరిపడా ఉంటుంది. 70 సెం.మీ. గుడ్డ అయితే ముడికి మిగిలేది దాదాపు 20 సెం.మీ. మాత్రమే. చిన్న తలకు, పొట్టి జుట్టుకు అది చాలవచ్చు గాని, లోపల కొప్పు ఉంటే చాలదు.

రెండవ పద్ధతికి 160 నుంచి 180 సెం.మీ. పొడవు, 45 నుంచి 50 సెం.మీ. వెడల్పు గల గుడ్డ కావాలి. వెడల్పు 40 సెం.మీ. కంటే తగ్గితే నడినెత్తి మీద జుట్టు బయటపడుతుంది.

గుడ్డ రకం విషయంలో నా సలహా స్పష్టమైనది: నేర్చుకునేటప్పుడు పలుచని నూలు గుడ్డనే వాడండి. నూలు దారం జుట్టును పట్టుకుంటుంది, మడత పెట్టిన చోట మడత నిలుస్తుంది. రేయాన్, క్రేప్ అందంగా ఒదుగుతాయి, కాస్త చేయి తిరిగిన తర్వాత అవే ఎక్కువ నప్పుతాయి. బనియన్ గుడ్డ వంటి సాగే అల్లిక బట్ట రెండవ పద్ధతికి చాలా బాగుంటుంది. శాటిన్, పట్టు మాత్రం జారుతాయి. వాటినే కట్టుకోవాలనుకుంటే వాటి కింద నూలు పట్టీ ఒకటి తప్పనిసరి. గంజి పెట్టిన గుడ్డను వాడకండి, అది తల ఆకారానికి ఒదగక డబ్బాలా నిలబడుతుంది.

వీటితో పాటు సైడు పిన్నులు ఒక డజను, తోక దువ్వెన ఒకటి, జుట్టుకు రబ్బరు బ్యాండు ఒకటి, నాలుగు వేళ్ల వెడల్పున్న నూలు లేదా మఖమలు పట్టీ ఒకటి, నీళ్లు చల్లుకునే సీసా ఒకటి, వెనక భాగం చూసుకోవడానికి చేతి అద్దం ఒకటి సిద్ధం చేసుకోండి. పిన్నీసులను తలలో వాడవద్దు. గుడ్డను బిగించడానికి గుండుసూదులను అసలే వాడవద్దు.

మొదలుపెట్టే ముందు ఒక వరుస పాటించండి. తల మీదుగా వేసుకునే దుస్తులు ముందే వేసుకోవాలి. ముఖానికి రాసుకునే క్రీములు ముందే రాసి ఆరనివ్వాలి, లేకపోతే గుడ్డ అంచుకు అంటుకుని మరక పడుతుంది. కొక్కెం ఉన్న చెవి ఆభరణాలను మాత్రం అన్నింటికన్నా చివర పెట్టుకోవాలి.

ముందుగా జుట్టు

1. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తడి జుట్టు మీద కట్టు కడితే అది లోపల గంటల తరబడి ఆరదు, మాడు దురద పెడుతుంది, ఆరుతూ ఆరుతూ గుడ్డ కూడా వదులవుతుంది. అప్పుడే తలస్నానం చేసిన నున్నని జుట్టు కంటే, ముందు రోజు తలస్నానం చేసిన జుట్టు కట్టును బాగా పట్టుకుంటుంది. నూనె రాసి ఉంటే ఆ రోజుకు నూలు గుడ్డ మాత్రమే వాడండి.

2. చిక్కు తీసి, నుదుటి పైన రెండు మూడు అంగుళాల లోతున ముందు జుట్టును అడ్డపాయగా వేరు చేసి, క్లిప్పు పెట్టి పక్కన ఉంచండి. బయటికి కనిపించేది ఇదొక్కటే కనుక దీని పని తర్వాత విడిగా చేద్దాం.

3. మిగిలిన జుట్టును పైకి దువ్వి, నడినెత్తికి కొంచెం వెనుకగా రబ్బరు బ్యాండు వేసి, చదునైన కొప్పుగా చుట్టి పిన్నులు పెట్టండి. ఎక్కువమంది తప్పు చేసే చోటు ఇదే. మెడ మీద కొప్పు పెట్టుకుంటే, గుడ్డ అంచు కూర్చోవలసిన చోటును కొప్పు ఆక్రమిస్తుంది. అంచు కొప్పు మీదికెక్కి, తల కదిలిన ప్రతిసారీ పైకి జరుగుతుంది. కొప్పు పైన ఉంటే పట్టూ దొరుకుతుంది, ఆ కాలపు టర్బన్లలో కనిపించే ఎత్తూ దానంతట అదే వస్తుంది. జుట్టు చాలా ఒత్తుగా ఉంటే ఒకే కొప్పుకు బదులు రెండు జడలు అల్లి, వాటిని తల మీదుగా అడ్డంగా తిప్పి పిన్నులు పెడితే బరువు ఒక్కచోట పడదు.

పొట్టి జుట్టు ఉన్నవారికి, జుట్టు పలుచగా ఉన్నవారికి ఎత్తు రావాలంటే మెత్తని నూలు రుమాలును చుట్టగా చుట్టి కొప్పు ఉండవలసిన చోట పిన్నులతో నిలపవచ్చు. సవరం ఉంటే దానినే చుట్టగా చేసి వాడుకోవచ్చు. జుట్టు దాదాపు లేనివారు ముందుగా నూలు టోపీ ఒకటి బిగుతు లేకుండా పెట్టుకుని, దాని మీద కట్టు కట్టుకుంటే గుడ్డ జారదు, చర్మం ఒరుసుకోదు.

4. పిన్ను పెట్టేటప్పుడు వంకీలు ఉన్న వైపు తలకు ఆని ఉండాలి, నున్నని వైపు పైకి ఉండాలి. తిరగేసి పెట్టడం ఎంత సాధారణమో, అందువల్ల పిన్నులు ఊడిరావడం అంత సాధారణం.

5. వెంట్రుకల అంచు నుంచి రెండు వేళ్లు లోపలికి, నూలు లేదా మఖమలు పట్టీని తల చుట్టూ కట్టి, మెడ దగ్గర చిన్న ముడి వేయండి. ముందు జుట్టు ఈ పట్టీకి బయట ఉండాలి. నూలు గుడ్డతో కట్టేవారికి ఇది అవసరం లేదు. జారే గుడ్డలతో కట్టేవారు దీనిని వదిలివేస్తే తర్వాత ఎన్ని పిన్నులు పెట్టినా ఫలితం ఉండదు.

ముంగురులు

టర్బన్‌కు పాతకాలపు పోలిక తెచ్చేది గుడ్డ కంటే ముంగురులే అని నా అభిప్రాయం. సహజంగా ఉంగరాల జుట్టు ఉన్నవారు ముందు జుట్టును కొద్దిగా తడిపి, వేళ్లతో ఉంగరాలను విడదీసి వదిలితే చాలు, వారికి ఇంకేమీ అవసరం లేదు. మిగిలినవారికి రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది పిన్ను చుట్టలు. ముందు జుట్టును చేతికి చెమ్మ తగిలేంత మాత్రమే తడపండి. వేలి వెడల్పు పాయ తీసుకుని, కొస నుంచి మొదలు వరకు చదునైన చుట్టగా చుట్టి, తలకు ఆనించి, రెండు పిన్నులను ఒకదానికొకటి అడ్డంగా పెట్టండి. కొస మొదట లోపలికి చేరాలి. అది బయట మిగిలితే ఆరిన తర్వాత చీపురు పుల్లలా నిలుస్తుంది. పూర్తిగా ఆరే వరకు, వీలైతే రాత్రంతా, కదపవద్దు. నీరు తగిలినప్పుడు వెంట్రుకలోని బలహీనమైన బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు ఉన్న ఆకారంలోనే మళ్లీ కుదురుకుంటాయి కనుక, కొంచెం చెమ్మ ఉండగా విప్పినా వంపు నిలవదు. విప్పే ముందు ఒక చుట్టను వేలితో తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

రెండవది చుట్టిన ముందు కుచ్చు. దీనికి రాత్రంతా వేచి ఉండనవసరం లేదు. ముందు జుట్టును నిటారుగా పైకి పట్టుకుని, మొదళ్ల దగ్గర దువ్వెనతో వెనక్కి, అంటే మాడు వైపుకు, రెండు మూడు సార్లు దువ్వి కొంత ఒత్తు తెచ్చి, కొసలను రెండు వేళ్లకు చుట్టుకుంటూ నుదుటి వైపుకు లోపలికి దొర్లించండి. వేళ్లు మెల్లగా బయటికి తీసి, చుట్టకు రెండు పక్కలా లోపలి నుంచి ఒక్కొక్క పిన్ను పెట్టండి. చుట్ట మధ్యలో పిన్ను పెడితే అది నొక్కుకుపోతుంది.

ముంగురులు అసలు కనబడకుండా, వెంట్రుకల అంచు వరకు కప్పే కట్టు కూడా ఉంది. చెమట ఎక్కువ పట్టే రోజుల్లో అదే మేలు.

మొదటి పద్ధతి: చదరపు గుడ్డ, ముందు ముడి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కర్మాగారాల్లో యంత్రాల దగ్గర పనిచేసిన మహిళలు జుట్టు యంత్రాల్లో చిక్కుకోకుండా తలకు గుడ్డలు కట్టుకునేవారు. అమెరికాలో 1943లో జె. హోవార్డ్ మిల్లర్ వెస్టింగ్‌హౌస్ సంస్థ కోసం గీసిన ప్రసిద్ధ పోస్టరులో చేయి మడిచి చూపే శ్రామికురాలి తలకు ఉన్నది ఇటువంటి కట్టే: ఎర్ర గుడ్డ, తెల్ల చుక్కలు, ముందు ముడి. కొసలను లోపలికి దోపడం ఈ కట్టులో అందం కోసమే వచ్చింది కాదు, వేలాడే కొస యంత్రం దగ్గర ప్రమాదం. పొయ్యి దగ్గర పనిచేసేవారికి ఆ జాగ్రత్త నేటికీ వర్తిస్తుంది.

1. గుడ్డను ఇస్త్రీ చేసి, కోణం నుంచి కోణానికి త్రికోణంగా మడవండి. ఈ మడత అంచు నేతకు ఏటవాలుగా ఉంటుంది కనుక కొద్దిగా సాగి తలకు అతుక్కుంటుంది. ఈ పద్ధతి సులువుగా కుదరడానికి కారణం ఇదే. అంచును మరో రెండు వేళ్ల వెడల్పున లోపలికి మడిస్తే పట్టు ఇంకా పెరుగుతుంది.

2. తల ముందుకు వంచండి. మడత అంచు మధ్యభాగాన్ని మెడ మీద, జుట్టు మొదలయ్యే గీత దగ్గర ఆనించండి. పెడతలను వేళ్లతో తడిమితే ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. అంచు ఆ ఉబ్బుకు కచ్చితంగా దిగువన ఉండాలి. త్రికోణపు మొన నుదుటి మీదికి వేలాడుతుంది.

3. రెండు కొసలను చెవుల వెనక నుంచి పైకి తెచ్చి, నుదుటి పైన, మొన మీదుగా ఒక ముడి వేయండి. చెవుల మీదుగా తెస్తే గంట తర్వాత నొప్పి మొదలవుతుంది.

4. రెండవ ముడి వేసే ముందు తల ఎత్తి అద్దంలో చూడండి. ముడి ముక్కుకు తిన్నగా ఉందా? కావాలనే ఒక పక్కకు వేస్తే కనుబొమ మధ్యభాగానికి తిన్నగా వేయండి. కొంచెం మాత్రమే పక్కకు ఉంటే అది పొరపాటులా కనిపిస్తుంది. సరిచూసుకున్న తర్వాత రెండవ ముడి వేయండి.

5. వేలాడుతున్న మొనను ముడి మీదుగా వెనక్కి మడిచి, ముడి వెనక గుడ్డ లోపలికి దోపండి. మిగిలిన కొసలను రెండు పక్కలా దోపండి, లేదా చెవుల్లా నిలబెట్టండి.

6. ముంగురులను ముడి ముందు అమర్చి, గుడ్డ అంచు కింద నుంచి జుట్టును పట్టుకునేలా రెండు కణతల దగ్గర ఒక్కొక్కటి, మెడ దగ్గర రెండు పిన్నులు పెట్టండి. పిన్ను గుడ్డను, లోపలి జుట్టును రెండింటినీ పట్టుకోవాలి.

రెండవ పద్ధతి: పొడవాటి గుడ్డ, ముందు మెలిక

పారిస్ డిజైనర్ పాల్ పువారే 1911 ప్రాంతంలో టర్బన్‌ను యూరప్ ఫ్యాషన్‌లోకి మళ్లీ తెచ్చిన తర్వాత, దశాబ్దాల పాటు సాయంకాలపు వేడుకల్లో కనిపించిన కట్టు దీనికి దగ్గరగా ఉంటుంది. ఇందులో ముందు ముడి ఉండదు, మెలిక మాత్రమే ఉంటుంది. మెలిక తిప్పినప్పుడు గుడ్డ వెనక వైపు బయటపడుతుంది కనుక రెండు వైపులా ఒకేలా ఉండే గుడ్డను ఎంచుకోండి. పెద్ద పెద్ద పూలు మడతల్లో కనిపించకుండా పోతాయి. చారలు, చిన్న చుక్కలు, ఒకే రంగు గుడ్డ మెలికను బాగా చూపిస్తాయి.

1. గుడ్డ మధ్యభాగాన్ని మెడ మీద ఆనించి, వెడల్పునంతా పెడతల మీదుగా పైకి పరచండి. కింది అంచు మళ్లీ అదే ఉబ్బుకు దిగువన ఉండాలి.

2. పై అంచును నడినెత్తి మీదుగా ముందుకు లాగి, నుదుటి మీదికి నాలుగైదు వేళ్లంత జారవిడవండి.

3. రెండు కొసలను నుదుటి పైకి తెచ్చి, ఒకదానిలో ఒకటి కొక్కెం వేసినట్లు కలిపి, కుడి దానిని కుడివైపుకే, ఎడమ దానిని ఎడమవైపుకే వెనక్కి తిప్పండి. అడ్డంగా దాటించి వదిలితే అది మెలిక కాదు, గుడ్డ కొద్దిసేపట్లోనే విడిపోతుంది.

4. కొసలను చెవుల పైభాగం మీదుగా వెనక్కి తెచ్చి, ఉబ్బుకు దిగువన రెండు ముళ్లు వేయండి. ముడి ఉబ్బు మీద పడితే పడుకున్నా, కుర్చీకి తల ఆనించినా గుచ్చుకుంటుంది. గుడ్డ ఇంకా మిగిలితే పక్క మడతల్లోకి దోపండి.

5. నుదుటి మీద వేలాడుతున్న అంచును మెలిక మీదుగా వెనక్కి మడిచి దోపండి. ఆ తర్వాత వేళ్లతో మడతలను ఒక్కొక్కటిగా విప్పి, మెలిక నుంచి విసనకర్రలా విచ్చుకునేలా సర్దండి. ఈ చివరి పనికి రెండు నిమిషాలు ఇవ్వండి, చూసేవారికి తేడా ఇక్కడే తెలుస్తుంది.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలి

తలను నాలుగైదు సార్లు ముందుకు వెనక్కి ఊపండి, ఒకసారి వంగి లేవండి. మెడ దగ్గరి అంచు వేలి వెడల్పు కంటే ఎక్కువ జరిగితే విప్పి మళ్లీ కట్టడమే మేలు, పిన్నులతో నెట్టుకురావద్దు. కణత దగ్గర గుడ్డ కిందికి ఒక చూపుడు వేలు సులువుగా దూరాలి. వేలు దూరకపోతే బిగుతు ఎక్కువ, రెండు వేళ్లు దూరితే తక్కువ. చేతి అద్దంతో వెనక భాగాన్ని, రెండు పక్కలను చూసుకోండి. ముందు నుంచి చక్కగా ఉన్న కట్టు పక్కనుంచి చదునుగా అణిగిపోయి కనిపించడం తరచూ జరుగుతుంది. అలా ఉంటే లోపలి కొప్పును కొంచెం ముందుకు జరపాలి. బయటికి వెళ్లే ముందు పది నిమిషాలు ఇంట్లోనే ఉంచుకుని, చెవుల వెనక గాని, పిన్నుల దగ్గర గాని నొప్పి ఉందేమో గమనించండి. కళ్లద్దాలు వాడేవారు ఈ పది నిమిషాలు వాటిని పెట్టుకునే ఉండాలి, కాడలు గుడ్డ మీదుగా పోతే కట్టు ఒరుసుకోదు.

కుదరనప్పుడు ఎక్కడ చూడాలి

కట్టు వెనక్కి జారితే నూటికి తొంభై పాళ్లు వెనక అంచు ఉబ్బుకు పైన ఉండి ఉంటుంది, మొదట అక్కడే చూడండి. ముందుకు, కళ్ల మీదికి జారితే కొప్పు మరీ వెనుకగా ఉందని, లేదా ముందు మెలిక బరువెక్కిందని అర్థం. పలుచని గుడ్డకు మారండి. నడినెత్తి బయటపడుతుంటే గుడ్డ వెడల్పు చాలలేదు, దానికి సర్దుబాటు లేదు, గుడ్డనే మార్చాలి. ముడి ఇటుక ముక్కలా ఉబ్బి కనిపిస్తే గుడ్డ మందం ఎక్కువ. రెండవ ముడి వేయకుండా ఒక ముడితో ఆపి, లోపలి నుంచి పిన్ను పెట్టండి. మొత్తం కట్టు రోగి తలకు కట్టిన పట్టీలా కనిపిస్తోందని బాధపడేవారు చాలామంది ఉన్నారు: వారిలో ఎక్కువమంది గుడ్డను అన్ని వైపులా సమానంగా లాగి, ఒక్క మడత కూడా లేకుండా చదును చేసి ఉంటారు. ముంగురులను కొంచెం బయటికి తీయండి, పైన మడతలను వదులు చేయండి, అది వెంటనే మారుతుంది.

ఒక హెచ్చరికను మాత్రం తేలికగా తీసుకోవద్దు. ముందు జుట్టును రోజూ ఒకే చోట గట్టిగా వెనక్కి లాగి కడుతూ ఉంటే, కణతల దగ్గర, నుదుటి అంచున వెంట్రుకలు రాలి పలుచబడతాయి. చాలాకాలం అలాగే సాగితే అక్కడ జుట్టు మళ్లీ మొలవకపోవచ్చు. కట్టు విప్పినప్పుడు అంచున ఎర్రదనం, చిన్న పొక్కులు, సూదులు గుచ్చినట్టు నొప్పి ఉంటే కొద్ది రోజులు కట్టు మానేయండి. రోజూ కట్టుకునేవారు ముడి స్థానాన్ని, పాపిడిని మారుస్తూ ఉండాలి.

విప్పేటప్పుడు ముందు పిన్నులన్నీ లెక్కపెట్టి తీయండి, ఆ తర్వాతే ముడి విప్పండి. ముడి విప్పి గుడ్డను లాగేస్తే లోపల మిగిలిన పిన్ను వెంట్రుకలతో సహా వస్తుంది. కొప్పు విప్పి, మాడును వేళ్ల కొసలతో ఒక నిమిషం మెల్లగా రుద్దండి. గుడ్డను వేలాడదీసి చెమట ఆరనిచ్చి, ఉతికిన తర్వాత మడిచి కాకుండా చుట్టి దాచండి, అలా చేస్తే తదుపరిసారి ఇస్త్రీ అవసరం లేకుండానే కట్టుకోవచ్చు.